పొట్టవైపు

కెవేదో ఊరి బయట బాల్సా మిల్లులో
నేను తూకం దగ్గర కూర్చుంటాను.
పలకని కాటాలో పెట్టకముందే
బరువెంతో నా అరచెయ్యి చెప్పేస్తుంది.
గట్టివి ఒక గుట్ట, మెత్తవి ఒక గుట్ట.
అన్నీ ఓడెక్కి ఎక్కడెక్కడి గాలిమరల రెక్కల్లోకో పోతాయి.
పురుగు తొలిచినవీ, కొసలు చీలినవీ
శనివారం సాయంత్రం మాకు వదిలేస్తారు.
అందరూ పొయ్యిలోకి పట్టుకెళ్తారు.
నేను విమానంలోకి.

వంటబల్ల మీద ప్లాను పరిచి, పైన మైనపు కాగితం వేసి
పద్దెనిమిది పక్కటెముకలు బ్లేడుతో కోసి
గుండుసూదులతో నిలబెట్టాను.
వెన్నుకి గట్టి కర్ర, అంచుకి మెత్తది.
ఈ ఒక్క విద్యలో నన్ను కొట్టేవాడు లేడు.
జిగురు మాత్రం కర్రని వదిలేసి
నా వేళ్లనే పట్టుకుంది.

ప్లానులో ఉన్నది ఉత్త శిక్షణ విమానం.
దాని రెక్కని కిందికి దించి, మూపు పెంచి, ముక్కు సాగదీసి
బాల్‌పెన్ను రీఫిళ్లతో పిచికారీ గొట్టాలు అతికించి
మందుకొట్టే విమానం చేశాను.
ముక్కు సాగితే బరువు ముందుకి తూలింది,
బ్యాటరీ వెనక్కి జరిగింది, సర్వోలు ఇంకా వెనక్కి.
ఒక అబద్ధానికి వంద సర్దుబాట్లు.

మా నాన్న ఎలియోదోరో
పందొమ్మిదేళ్లు అరటితోటల్లో జెండా మనిషి.
సాలు చివర నిలబడి తెల్లగుడ్డ ఊపితే
దాన్ని గురిచూసుకుని వచ్చేది విమానం.
తలమీంచి పోయాక, తడిసిన చొక్కాతో
ఇరవై అడుగులు పక్కకి నడిచి
మళ్లీ జెండా ఎత్తాలి.
"నాకు దాని పొట్టే తెలుసు" అంటాడు.

అందుకని పొట్ట ఆయనే చెప్పాడు, నేను గీశాను.
ఎడమ చక్రం వెనక నూనె చార.
"ఇంకా పొడుగు. ఇంకా."
తోక దగ్గర అతుకు రేకు, అది వేరే పసుపు.
అంకెల్లో మూడు సగం చెరిగి ఉండాలి.
ఇస్త్రీపెట్టెతో ఫిల్ము బిగిస్తే
ముడత పోయిందని కోప్పడ్డాడు.
అసలుదానికి అక్కడ సొట్ట ఉండేదట.

"మరి పైన ఎలా ఉండేది?"

చాలాసేపు ఆలోచించాడు.
కాఫీ గ్లాసు బోర్లించి లేచిపోయాడు.

ఆదివారం, గాలి లేవకముందు, కోసేసిన మొక్కజొన్న చేను.
రెండు వేళ్ల మీద నిలబెట్టి చూశాను, ఒరగలేదు.
"కుడి" అన్నాడు వెనక నిలబడ్డ విల్మర్.
కుడి మీట నొక్కాను. రెక్కలు ఎడమ అన్నాయి.
రిమోట్లో ఒక బొత్తాం తిప్పి
ముక్కుకి నేల తగలకుండా ఆ పూటకి కాచుకున్నాం.

విల్మర్ విసిరాడు. లేచింది.
గర్జన లేదు, పెట్రోలు వాసన లేదు.
పక్కింట్లో మిక్సీ తిరుగుతున్నంత చప్పుడు.
తక్కువ ఎత్తున నాన్న మీంచి తోలాను.

ఆయన టోపీ తీసి ముక్కూ నోరూ మూసుకున్నాడు.
కళ్లు గట్టిగా మూసి, ఊపిరి బిగబట్టి.
అది దాటిపోయాక
ఇరవై అడుగులు పక్కకి నడిచాడు.

రెండోసారీ అంతే.
విల్మర్ నవ్వబోయి మానేశాడు.

మూడోసారి పైకెక్కించి, దొర్లించి
వెల్లకిలా తెచ్చాను.
మీట మీద బొటనవేలు వణుకుతోంది,
తల్లకిందుల విమానానికి పైకీ కిందకీ తేడా తారుమారు.
"నాన్నా, కళ్లు తెరువు!"

తెరిచాడు.
మామూలు పసుపు. ఒక గాజు కిటికీ.

దించాక దగ్గరికొచ్చి, వంగి, కిటికీలోకి చూశాడు.
"పైన ఇంతేనా?" అన్నాడు.
తర్వాత,
"లోపల ఎవరూ లేరేం?"

ఇప్పుడు మెత్తటి ముక్కొకటి తీసుకుని
పైలట్ తల చెక్కుతున్నాను.
ముఖం ఎలా ఉండాలో ఇద్దరికీ తెలీదు.
ముక్కు దగ్గర కత్తి ఆగిపోయింది.

"మాస్కు చెక్కు" అన్నాడు నాన్న.
"వాళ్లకి ఇచ్చేవాళ్లు."