అందని నట్టు

చలి ముదిరాక మా జీపుకి రెండు ఇళ్లు.
ఒళ్లు బయట, మంచులో.
నెత్తురు లోపల, మా ఊలు గుడారంలో, పొయ్యి పక్కన.
రోజూ చీకటి పడే వేళకి చోయ్‌జిల్ మామ దాని కింద దూరి
ఇంజనాయిలు రేకు బకెట్లోకి ఒంపుకొచ్చేవాడు.
ఫిబ్రవరిలో అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల పొయ్యికి ఇటు,
బకెట్ అటు.
"రెంటినీ తన్నకండి" అనేది అమ్మ.
ఒకసారి గొర్రెపిల్లే తన్నింది.
వసంతం దాకా మా తివాచీ మోటారు వాసనేసింది.

రష్యా జీపు. నాకంటే పదమూడేళ్లు పెద్దది.
మొదట పశువుల డాక్టరుది,
తర్వాత ఎవరిదీ కాదు,
తర్వాత మాది.
ఏడు ఆడగొర్రెలూ ఓ కుట్టుమిషనూ ఇచ్చి తెచ్చాడు మామ.
తలుపు మీద నీలం, నీలం కింద ఆకుపచ్చ,
దాని కింద తుప్పు.
తుప్పు కింద ఏముందో గోకి చూడొద్దని ఆయన ఆజ్ఞ.

స్టార్టరు మోటారుకి పైన, వెనకాల, ఒక నట్టు.
దాన్ని మొదట బిగించిన రష్యావాడికి
మోచేతి కింద ఇంకో మోచెయ్యి ఉండుండాలి.
మామ చెయ్యి పోదు, అది గుర్రపు డెక్క.
ఎనిమిదేళ్ల నా చెయ్యి పోయేది.
చెంప మడ్‌గార్డుకి ఆనించి,
చూడ్డం ఎలాగూ దండగే కాబట్టి కళ్లు మూసుకుని,
కోసి పొట్టిచేసిన స్పానరుతో.
"పైకి. ఇంకా పైకి. గుండ్రంగా తగిలిందా?
అది కాదు. దాని చెల్లెలు."
వేలి చివర తెలిసేది,
చీకట్లో జేబులో ఆటాడే గొర్రె ఎముక దొరికినట్టు.
పావు తిప్పు. తీసి పెట్టు. పావు తిప్పు.
నా పేరు సొల్మోన్ అని ఎవరికీ గుర్తుండేది కాదు,
"చెయ్యి ఏదీ? చెయ్యిని పిలవండి" అనేవాళ్లు.
పక్క గుడారాలవాళ్లు అరువడిగేవాళ్లు కూడా,
దోసెడు ఎండు పెరుగుబిళ్లలకి ఒక నట్టు.

పన్నెండో ఏట, మార్చిలో, సగందాకా వెళ్లి ఆగింది.
నూనె రాసి తోశాను. తిప్పి తోశాను.
చర్మం లేచింది గానీ దారి లేవలేదు.
గీసుకున్న చోట తన కోటు అంచుతో తుడిచి
"ఎదిగావు" అన్నాడు మామ,
కార్బురేటరు పోయిందని చెప్పే గొంతుతో.
తర్వాత తమ్ముడి చెయ్యి. వాడి తర్వాత
పోస్టుమాస్టరు కూతురిది.

ఇప్పుడు నాకు ఇరవై తొమ్మిది.
కింద దూరేది నేను.
మామ స్టూలు మీద ఉప్పు టీ తాగుతూ వింటాడు.
"మూడో సిలిండరు అబద్ధమాడుతోంది" అంటాడు.
నిజమే అవుతుంది.

ఈ పొద్దున మైనస్ ముప్పై నాలుగు.
స్టార్టరు టిక్కుమని ఊరుకుంది.
పళ్లెంలో పిడకలు రాజేసి ఇంజను కిందకి తోసి,
ఇనుము చేతికి అతుక్కోవడం మానేదాకా ఆగి,
పక్కింటి బిల్గూన్‌ని లేపుకొచ్చాను. ఏడేళ్లు.
ఒక బూటు వాడిది, ఒకటి వాళ్లక్కది.
"పైకి. ఇంకా పైకి. గుండ్రంగా తగిలిందా?
అది కాదు. దాని చెల్లెలు."
వాడు చెయ్యి ఆపి,
"గుండ్రందానికి చెల్లెలెందుకుంది?" అన్నాడు.
నాకు ఇరవై ఏళ్లుగా తట్టని ప్రశ్న.
మామ నవ్వితే టీ ఒలికి మోకాలి మీదే గడ్డకట్టింది.

నట్టు వదులైంది. జారింది. మాయమైంది.
పాత రేడియో అయస్కాంతాన్ని దారానికి కట్టి
ముగ్గురం మంచులో బోర్లా పడి వెతికాం.
ఒక నాడా మేకు దొరికింది,
నేనెప్పుడో పారేసుకున్న జడపిన్ను దొరికింది.
నట్టు వాడి చొక్కా చేతిలోనే ఉంది.

మధ్యాహ్నానికి జీపు దగ్గింది, తుమ్మింది, ఒప్పుకుంది.
అమ్మ టైర్ల మీద పాలు చిలకరించింది.
గడ్డికి నలభై కిలోమీటర్లు వెళ్లాలి.
బిల్గూన్ కంచె దగ్గర నిలబడి
ఒక మణికట్టుని రెండో చేతి వేళ్లతో చుట్టి కొలుచుకుంటున్నాడు.
"వచ్చే ఏడూ పడుతుందా?"

ఇంజను చప్పుడులో వినబడనట్టే
క్లచ్ వదిలాను.