నీళ్ళ మీద తేలినవి

నా పని బకెట్లు మోయడం.
కోక్సు నదిలో ముంచి, గట్టెక్కి,
గోతిలోంచి తీసిన బూడిద మట్టిని నీళ్ళలో వదిలి
చేత్తో మెల్లగా కలపడం.
మట్టి మునుగుతుంది. రాయి మునుగుతుంది.
కాలినదే తేలుతుంది.

మూడోరోజు పొద్దెక్కాక
వడగట్టిన గుడ్డ మీద నల్లగా రెండు రకాలు.
ఒకటి గుండ్రం, ఆవగింజకి అక్కలా ఉంది.
రెండోదానికి పొట్ట మీద గాటు.
జనార్‌గుల్ మేడమ్ భూతద్దం పెట్టి
చాలాసేపు ఊపిరి వదల్లేదు.
"వరిగ" అంది. "ఇది గోధుమ" అంది.
"నాలుగు వేల ఏళ్ళు" అంది.
రేడియోలో ఎవరో గొర్రెల ధరలు చదువుతున్నారు.

వరిగది పొద్దు పొడిచే వైపు,
నది కూడా మట్టిరంగులో పారే దేశం.
గోధుమది పొద్దు గుంకే వైపు.
పొమ్మని ఎవరూ వాటిని పంపలేదు.
అప్పటికి ఈ దారికి పట్టు తెలియదు,
ఒంటె మెడకి గంట లేదు,
కనుమ దగ్గర సుంకం అడిగేవాడు లేడు.
గొర్రెల వెనక నడిచేవాళ్ళే
ఈ లోయ నుంచి పై లోయకి,
పై లోయ నుంచి కనుమ అవతలి వియ్యాలవారికి
తోలుసంచిలో ఇన్ని,
కుంటి పొట్టేలుకి బదులు ఇన్ని,
అలిగి పుట్టింటికి పోతున్న కోడలి అంగీ మడతలో
తెలియకుండా ఇన్ని.
ఒక మనిషి బతుక్కి ఒక కనుమ.
కొన్ని బతుకులకి అదీ లేదు.
విత్తనాలే ఉడకేసుకు తిన్న ఏళ్ళు ఉంటాయి,
అప్పుడు దారి వెనక్కి పోయి
మళ్ళీ అడుక్కుని రావాలి.

వరిగ రెండు మూడు నెలల పంట.
మంచు కరిగాక చల్లేసి మందతో పైకెళ్తే
గడ్డి అయిపోయి దిగొచ్చేసరికి
తలొంచుకుని నిలబడి ఉంటుంది,
బాకీ తీర్చడానికొచ్చినవాడిలా.
పిట్టలు తిన్నది పోగా మనది.
గోధుమ అలా కాదు. దానికి మనిషి తోడు కావాలి.
ఎవరో ఒకరు ఆగిపోవాలి కింద,
మోకాళ్ళు పట్టేసిన ముసలాయనో,
నెలలు నిండిన పిల్లో.

ఈ గోతిలో ఉన్నది ఒక ఆడమనిషి అట.
కాల్చి, ఎముకలేరి, రాతిపలకల మధ్య దాచారు.
ఆమె పేరు ఏ నోటా మిగల్లేదు,
ఆ నోళ్ళు మాట్లాడిన భాషే మిగల్లేదు.
మంట మీద ఎవరో పిడికెడు చల్లారు.
తూర్పూ పడమరా
ఒకే పిడికిట్లో.
చల్లినవాళ్ళకి అవి తూర్పూ పడమరా కావు.
తిండి, అంతే. ఆమెకి ఇష్టమైనదేమో.

ఆ సాయంత్రం అవ్వకి చెప్పాను.
శుక్రవారం. కునికెయ్ అవ్వ మూకుడు ముందు కూర్చుని
పోయినవాళ్ళ కోసం ఏడు షెల్పెక్‌లు వేస్తోంది.
గోధుమపిండి నూనెలో కమ్మగా కాలే వాసన
వాళ్ళదాకా పోతుందట.
లెక్క తప్పకుండా పెదాలు కదుపుతోంది:
మా తాత, వాళ్ళన్న తుర్లిబాయ్,
ఆకలేడు పోయిన అక్కలిద్దరు,
ఆ తర్వాతి పేర్లు నాకు వినబడవు.

అంతా విని, పిండిచేతిని మోకాలికి రాసుకుంది.
"వరిగలు ఉత్తినే వేశారా? పాలు పోయలేదూ?"
"పాలు మిగలవు అవ్వా. కాలిన గింజలే మిగులుతాయి."
"అయితే పోసే ఉంటారు" అంది.

గిన్నె అంచున పిండి కొంచెం మిగిలింది.
దాన్ని గీకి, అరచేతిలో తట్టి
ఎనిమిదోది వేసింది.
అది వంకరగా వచ్చింది, ఒక పక్క మాడింది కూడా.
ఎవరికని నేను అడగలేదు.
నా గోళ్ళ సందుల్లో నలుపు చూసి
చేతులు కడుక్కురా పో, అంది.