పదకొండు అడుగులు

ఆ శనివారం పొద్దున్నే ముగ్గురం వెళ్ళాం,
నేనూ, కోల్మన్, ఫింటన్ వాళ్ళబ్బాయీ.
రెండు గడ్డికోత మిషన్లు, ఒక రంపం, ఫ్లాస్కులో టీ.
మేయో తీరాన గాలి ఉప్పగా ఉంది.
వచ్చే నెలలోనే శుభ్రమైన ఊళ్ళ పోటీ.

బాప్తిస్మం అందకుండా పోయిన పసికందుల్ని
చర్చి తన మట్టిలోకి రానివ్వని రోజుల్లో
తండ్రులు రాత్రిపూట, లాంతరైనా వెలిగించకుండా
సబ్బుల చెక్కపెట్టెలో పెట్టి తెచ్చేవాళ్ళు ఆ మూలకి.
పేరు లేదు. తేదీ లేదు. శిలువ లేదు.
తలవైపు ఒక రాయి, అంతే.
పిడికిలంత, గుడ్డంత,
అక్కడక్కడా తెల్లటి పలుగురాయి.

ఇదంతా నాకు తెలుసు.
తెలిసే వెళ్ళాను.

మిషన్ తీగ రాతికి తగిలితే నిప్పురవ్వ లేచేది,
తీగ తెగేది, నోట్లోంచి బూతు ఊడిపడేది.
అందుకని ముందు రాళ్ళు ఏరాం.
తోపుడుబండి నిండా, పద్నాలుగు సార్లు.
గోడ పక్కన పెద్దవి కింద, చిన్నవి పైన.
కోల్మన్‌కి పేర్చడం బాగా వచ్చు.
ఐవీ తీగ లాగితే గోడే మూరెడు కూలింది,
ఇన్నేళ్ళూ దాన్ని పట్టుకున్నది ఆ తీగేనని
అప్పుడు తెలిసింది.
నడిమధ్య వంగి నిలబడ్డ నల్లముళ్ళ చెట్టు
రంపానికి నాలుగు నిమిషాలు.
మొద్దు కూడా కనపడకూడదని పెకలించి
మట్టి సర్ది గింజలు చల్లాం.

మధ్యాహ్నానికి ఎంత బాగుందని!
పెళ్ళికి గడ్డం గీసుకున్నవాడి చెంపలా.
ఫోటో తీశాం.

సోమవారం డెలియా గాహన్ వచ్చింది.
ఎనభై తొమ్మిదేళ్ళు. గేటు పట్టుకుని నిలబడింది.
రాళ్ళగుట్ట చూడలేదు. గోడ చూడలేదు.
"చెట్టేది?" అంది.

చెట్టు మొదట్లో మడమ ఆనించి
సముద్రం వైపు పదకొండు అడుగులు.
ఆ రాత్రి ఆమె మొగుడు మోసుకొచ్చిన లెక్క.
ఆమెకి మంచం దిగే ఓపిక లేదు,
ఉన్నా రానిచ్చేవాళ్ళు లేరు.
చెవిలో చెప్పాడట, ఒక్కసారే.
తర్వాత ఆ మాట ఇంట్లో ఎత్తలేదు.
ఆయనా పోయాడు.

చెట్టు ఇక్కడ అన్నాను నేను.
కాదు, అక్కడ అన్నాడు కోల్మన్, రెండు గజాలవతల.
శుభ్రం చేయకముందు తీసిన ఫోటో ఫోన్లో వెతికాం.
చెట్టుంది. కింద నేల లేదు, అంతా పొదే.

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది.
చాలాసేపు నా బూట్ల వంక చూసింది.
"ఆయన నీ అంత పొడుగు," అంది,
"నా అడుగులు ఎప్పుడూ చాలేవి కావు, సర్దుకునేదాన్ని.
నువ్వు నడువు."

ఎక్కడో ఒకచోట మడమ ఆనించాను.
తడిమట్టి, మెత్తగా దిగబడింది.

"ఒకటి," అంది ఆమె.