రెండో గాలి

సీసా మీది చీటీలో ఏదో ఊరి పేరుంటుంది గానీ
సీరియం పుట్టిల్లు నాకు తెలుసు.
భీమిలి అవతల, కెరటం వెనక్కి పోయినప్పుడు
కాళ్ల కింద నల్లగా మిగిలే ఇసకలో
తేనెరంగు రవ్వలుంటాయి. వాటిలో ఉంటుంది.
చిన్నప్పుడు చెప్పుల్లోంచి దులిపేసేవాళ్లం.

ఇప్పుడు చినవాల్తేరు మిట్ట మీద
ఏసీ పనిచెయ్యని గదిలో దాన్నే
వెంట్రుకని నిలువునా ఇరవై వేల పాయలు చీలిస్తే
ఒక పాయంత మందాన రేణువులు చేస్తున్నాను.
నీళ్లలో కలిపితే లేత పసుపు.

ఎలకల బోన్లకి నంబర్లే. పేర్లు పెట్టొద్దన్నారు మేడం.
పదిహేడుకి పెట్టేశాను. ఎవరికీ చెప్పను.
మత్తిచ్చి, గొట్టంలోంచి ఇత్తడి దిమ్మని
దాని నెత్తి మీదికి వదిలింది నేనే.
టక్‌, అంతే.
రాత్రి అన్నం కలుపుతుంటే మళ్లీ వినిపిస్తుంది.

దెబ్బతో అయిపోదు.
హుద్‌హుద్‌ నాడు ఊళ్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు:
పొద్దున్నంతా ఊపి ఊపి, ఉన్నట్టుండి గాలి ఆగింది.
గండం గడిచిందని మా చిన్నాన్న
డాబా ఎక్కి ట్యాంకు మూత వెతుకుతున్నాడు.
అప్పుడొచ్చింది రెండోది, ఎదురు దిక్కు నుంచి.
మొదటి గాలికి వంగిన చెట్లు దానికి విరిగాయి.
పుర్రెకి కుట్లు పడ్డాక లోపల అదే గాలి.
జత తప్పిన ఆక్సిజన్‌
చేతికందిన కణాన్నల్లా కొరుకుతూ తిరుగుతుంది.

దానికి ఒక ఎలక్ట్రాన్‌ చేబదులిస్తుంది సీరియం.
ఇంకో చోట తిరిగి పుచ్చుకుంటుంది.
నోటు లేదు, వడ్డీ లేదు,
ఇచ్చి తరగదు, పుచ్చుకుని ఉబ్బదు.
మా వీధిలో అలాంటి మనిషిని నేను చూళ్లేదు.

పన్నెండో రోజున పదిహేడు
సన్నటి కర్ర మీద నడిచింది.
జారింది. పట్టుకుంది. నడిచింది.

రక్తం నమూనాల పెట్టె కోసం కేజీహెచ్‌కి వెళ్తే
న్యూరో వార్డు మెట్ల మీద అరిజిల్లి ఎర్రమ్మ.
హార్బర్లో వించి తాడు తెగి తమ్ముడి కణతకి తగిలింది.
"నలభై రోజులైనాది. నన్ను సూసి, ఏ బోటు మీది? అంటన్నాడు."
నా మెడలో కార్డు చూసింది.
"మీ కాడ మందుందంట గదమ్మా,
ఎలకలు లేసి తిరుగుతన్నాయంట.
మావోడికెప్పుడేత్తారు?"

ఏళ్లు పడుతుందని చెప్పాలి.
కాలేయంలో పేరుకుంటుందేమో ఇంకా తేల్లేదనీ,
ఎలక మనిషి కాదనీ.
పదిహేడు ఇప్పుడు లేదు,
దాని మెదడు పల్చటి పొరలై గాజు పలకల మీదుంది.

"ఇంకా మనుషులకి రాలేదు," అన్నాను.

క్యారేజీ పక్కకి జరిపి చోటిచ్చింది.
"రోజుకో సేప పేరు సెప్తన్నానమ్మా ఆడికి.
నిన్న వంజరం అన్నాడు, సక్కగా అన్నాడు.
ఇయాల మర్సిపోనాడు.
రేపు మళ్లీ సెప్తాను."