ఇతరములు

పొద్దున్న ఆరున్నరకే చొక్కా వీపుకంటుకుంది.
జనవరి ఇది.
రిజిస్టర్లో ఈ నెల గళ్ళన్నిటికీ
మా పాత సూపర్‌వైజర్ అప్పలకొండ గారు
అడ్డంగా ఒకే గీత కొట్టి వదిలేసేవారు.
"చలిలో దోమకి పనేముందిరా, మనకీ అంతే"
అనేవారు టీ ఊదుకుంటూ.
ఆయన రిటైరయ్యారు. ఆ గీత కూడా.

చేతిలో పొడుగు కాడ తెల్ల గరిటె,
భుజాన మందు సంచి, జేబులో సుద్దముక్క.
పెదజాలారిపేటలో నేను కనబడితే చాలు
ఆడవాళ్ళు డ్రమ్ముల మీద చీరలు కప్పేస్తారు
ఈడొచ్చిన పిల్లని దాచినట్టు.
రెండ్రోజులకోసారి కుళాయి.
ఆ నీళ్ళు పారబొయ్యమని చెప్పే నోరు
నాది. జీతం అందుకే.
"పారబోస్తాం గానీ, రేపు నువ్వు మోసుకొస్తావేటి?"
మైలపల్లి దానమ్మ అడిగిన దానికి
ఆరేళ్ళుగా జవాబు వెతుకుతున్నాను.

గరిటె ముంచి, వంచి, వెలుతురుకి పడతాను.
మూడు. ఐదు. తొమ్మిది.
కామాల్లా మెలికలు తిరిగే ప్రాణాలు,
వాక్యం ఇంకా అయిపోలేదని చెబుతూ.
ట్రైనింగు పుస్తకంలో గుడ్డు నుంచి రెక్కకి పది రోజులు.
ఇక్కడి ఎండ ఆ పుస్తకం చదవలేదు.
ఏడో రోజుకే గోడ మీద కూర్చుంటోంది
కాళ్ళకి చారల మేజోళ్ళు తొడుక్కుని
పెళ్ళికి తయారైనట్టు.

ఈ వీధిలో నాలుగు జ్వరాలు.
నాలుగోది తెడ్డు పరసన్న మనవరాలు మోక్షిత, ఏడేళ్ళు.
పెద్దాసుపత్రి నుంచి ప్లేట్‌లెట్ల లెక్క
పొద్దునొకటి, సాయంత్రం ఒకటి వస్తోంది.
తాత ఫోను చెవికి ఆనించుకుని
ఒకటే మాట అడుగుతాడు:
"ఎంత పడిందంట?"
జన్మంతా ఎక్కువ పడాలని
గంగమ్మకి మొక్కుకున్నవాడు
ఇప్పుడు పడకూడదని మొక్కుతున్నాడు.

డ్రమ్ములు చూశాను. కుండీ, ఫ్రిజ్ వెనక పళ్ళెం,
కోళ్ళకి పెట్టిన ముంత.
ఏమీ లేదు.
వెళ్ళిపోబోతూ ఇసకలో చూశాను
ఆయన పడవని.

రెండేళ్ళయిందట అది అల ఎక్కి.
పైనీళ్ళు కాగుతుంటే
చేప లోతుకీ దూరానికీ దిగిపోయిందన్నాడు.
డీజిలు ఖర్చుకి సరిపడా కవ్వళ్ళు కూడా రాలేదన్నాడు.
డిసెంబరు చివర దారి తప్పిన వాన ఒకటి
పడవని సగం నింపిపోయింది.
గరిటె ముంచాను.
లెక్కపెట్టలేదు.

"బోర్లించెయ్ పరసన్నా."
"బతికున్న పడవని బోర్లించకూడదు బాబూ.
పీనుగని ఒప్పేసుకున్నట్టుంటాది."
నా సంచిలో మందుంది. చెంచాడు వేస్తే అయిపోయేది.
మళ్ళీ వాన, మళ్ళీ చెంచా.
ఎందుకో సంచి విప్పలేదు.

ఆయన ఇంట్లోకెళ్ళి బరమా తెచ్చాడు.
పడవలోకి దిగాడు, పిక్కల దాకా నీళ్ళు.
వంగి అడుగున తడిమాడు.
ఎన్ని మాట్లు అతుకులేసిన చోటో అది!
ముప్ఫై మైళ్ళ అవతల కూడా
చుక్క లోపలికి రానివ్వని చోటు.
వేళ్ళకి చూడకుండానే తెలుసు.
అక్కడే పెట్టి తిప్పాడు.

చాలాసేపు ఏమీ కాలేదు.
తర్వాత పడవ కింద ఇసక నల్లబడింది.
సన్నగా, పసిపిల్ల ఉచ్చ పోసినట్టు, ధార.
వెయ్యి కామాలు ఇసకలోకి ఇంకిపోయాయి.
ఆయన మాత్రం దిగలేదు.
నీళ్ళు పిక్కల నుంచి మడమలకి,
మడమల నుంచి వేళ్ళకి తగ్గేదాకా
బరమా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

తలుపు మీద సుద్దతో తేదీ వేశాను.
రిజిస్టరు తీశాను.
దోమపిల్లలు దొరికిన పాత్ర:
డ్రమ్ము, తొట్టి, టైరు, కొబ్బరిచిప్ప, పూలకుండీ.
పడవకి గడి లేదు.
దాని వెనకాల సముద్రానికీ లేదు.
ఇతరములు అన్న చోట టిక్కు పెట్టాను.

ఇంట్లో ఫోను మోగింది.
"ఎంత పడిందంట?"
పడవలోంచే అడిగాడు పరసన్న.