జిగురు ముద్ద

రాత్రి పదకొండు దాటాక తరమణి స్టేషన్ కింద
మునెయ్య బకెట్ దించుతాడు.
మైదా, మైలుతుత్తం, వేడినీళ్లు.
చీపురుతో గోడకి ఒక తడుపు,
తడుపు మీద ఎవరిదో నవ్వు,
నవ్వు మీద ఇంకో తడుపు.
"దొరికిందా ఏందమ్మా మీ ఉండ?"
ఒకసారి టీ తాగుతూ చెప్పాను. తప్పు నాదే.

చెప్పింది ఇది:
వెలుతురు వెలుతురుని పట్టించుకోదు.
రెండు టార్చిలైట్లు ఎదురెదురుగా వేసినా
ఒకదాన్లోంచి ఒకటి దాటిపోతాయి.
గ్లూవాన్ అలా కాదు.
క్వార్కుల్ని అంటించడం దాని పని,
కానీ ఆ అంటు దాని ఒంటికీ ఉంది.
కాగితం లేకపోయినా, గోడ లేకపోయినా
జిగురుకి జిగురే పట్టుకుని
ముద్ద కావాలి.
లెక్క ప్రకారం.

నాలుగేళ్లుగా దానికోసం
కంప్యూటర్లో ఒక లోకం కట్టాను.
పొడవు ఇరవైనాలుగు గళ్లు, వెడల్పూ ఎత్తూ అంతే,
కాలానికి నలభై ఎనిమిది.
క్వార్కుల్ని లోపలికి రానివ్వలేదు.
"ఊరు ఖాళీ చేయించి జనాభా లెక్క రాసినట్టుంది"
అన్నారు సౌందరవల్లి మేడం,
అన్నాక సంతకం పెట్టారు.

ఒక గడిలో గంట కొట్టి
తర్వాతి గళ్లలో మోత వింటాం.
ఎంత త్వరగా ఆరిపోతే ముద్ద అంత బరువు.
మూడో గడి దాకా వినబడుతుంది.
నాలుగులో అనుమానం.
ఐదులో అంతా హోరు,
వేళచ్చేరి రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.

ఆ మూడు గళ్ల మీద గీత గీస్తే
పదిహేడు వందల చిల్లర.
ప్రోటాన్‌కి రెండింతలు, కాస్త తక్కువ.
విడిగా గ్లూవాన్ బరువు సున్నా.
సున్నాల మూట ఎత్తబోతే నడుం పట్టేసింది.
ఇది మాత్రం నాకింకా అలవాటు కాలేదు.

బయటి లోకంలో
పదిహేను వందల దగ్గర ఒక రేణువు ఉంది,
పదిహేడు వందల దగ్గర ఇంకొకటి.
నువ్వేనా అంటే రెండూ నసుగుతాయి.
రెంటిలోనూ క్వార్కులు కలిశాయి,
ఎంత పాలు ఎంత నీళ్లు అన్నదే తగాదా.
అందుకే ఈ నెల నా ఊళ్లోకి మనుషుల్ని రానిచ్చాను.
మంగళవారం కరెంటు పోయి
పదకొండు రోజుల లెక్క మధ్యలో ఆగింది.

"దొరకలేదు" అన్నాను.
మునెయ్య బకెట్ వంచి అడుగున గీకాడు.
నిమ్మకాయంత ముద్ద, ఎండకి బిగిసింది.
"ఇదిగో. ఒట్టి జిగురే. కాగితం లేదు, చూస్కో."
ఫోన్ లైటులో తిప్పి చూశాను.
ఒక చీపురు పుల్ల.
ఇటు పక్క, ఎవరిదో సగం కనుబొమ్మ.
"ఉందిగా."
"అదా," అన్నాడు, ఏమాత్రం తగ్గకుండా,
"పనిచేసే బకెట్ కదమ్మా, అది లేకుండా ఎట్టా వస్తది?"

పైన ఆఖరి బండి శబ్దం.
ముద్ద సంచిలో పడేసి మెట్లెక్కాను.
పైకి ఎండినా లోపల పచ్చిగానే ఉన్నట్టుంది,
తిరువాన్మియూర్ వచ్చేసరికి
టిఫిన్ డబ్బాకి అంటుకుంది.