నాలుగు, మూడు

పొద్దున మిరపకాయ, సాయంత్రం గిటారు.
రెండిటికీ ఇవే వేళ్ళు.

గుంటూరులో ఏటుకూరు రోడ్డు పక్క, రేకుల షెడ్డులో
రెండు చేతులా తేజ కాయకు తొడిమ తీస్తాను.
బొటనవేలు, చూపుడువేలు, చిన్న మెలిక.
కిలోకింత.
మజ్జిగలో ముంచినా, కొబ్బరినూనె రాసినా
రాత్రికి చేతులు పొయ్యి మీద పెట్టినట్టే.

చర్చి కుర్రాళ్ళు కొత్తది కొనుక్కుని
పాత గిటారు బీరువా వెనక పడేశారు.
ఐదు తీగలే ఉన్నాయి. ఆరోది నేను కొన్నాను,
అరండల్‌పేటలో, బేరమాడి.

ఆశీర్వాదం మాస్టారికి ఒక కన్ను కనపడదు.
ముందు కీబోర్డు దగ్గర కూర్చోబెట్టి
"లెక్క వచ్చా రూతమ్మా?" అన్నాడు.
టిక్కీలు లెక్కపెట్టేదాన్ని, రాకేం.

"ఏదో ఒక మెట్టు మీద నిలబడు.
తెల్లవీ నల్లవీ కలిపి నాలుగు ఎక్కు, అక్కడొకటి నొక్కు.
ఇంకో మూడెక్కు, అక్కడొకటి.
ముగ్గుర్నీ ఒక్కసారే పిలువు."
నొక్కాను.
కుట్టు విప్పిన గోతాంలోంచి కాయ జారినట్టు
గదంతా పరుచుకుంది.

"ఇప్పుడు మూడు ముందు, నాలుగు తర్వాత."
మొత్తం అదే ఏడు.
కింది స్వరం కదల్లేదు, పైది కదల్లేదు.
నడిమిది ఒక్క మెట్టు దిగింది, అంతే.
మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
"మైనర్" అన్నాడు.
మైనర్లంటే ఓటు లేని పిల్లలనే అనుకునేదాన్ని
ఆ సాయంత్రం దాకా.

గిటారు మీద లెక్క వేరు, నొప్పి వేరు.
సి పట్టాలంటే మూడు వేళ్ళూ ఏటవాలుగా
నిచ్చెన ఎక్కుతున్నట్టు నిలబడాలి.
ఒక తీగ మూగబోతుంది, ఇంకోటి ఈగలా జుయ్యిమంటుంది.
"ఒక్కో తీగా విడిగా మీటి దొంగెవరో పట్టుకో" అంటాడు.
చాలాసార్లు దొంగ నా ఉంగరపు వేలే.

ఎఫ్ దగ్గర మాత్రం
చూపుడువేలు ఆరు తీగల మీదా అడ్డంగా పడుకోవాలట.
నాది పడుకోదు.
ఇరవయ్యేళ్ళ తొడిమలకు వంకర తిరిగిన వేలు.
నాలుగు నెలలైంది. ఎఫ్ రాలేదు.

కాయలు మాత్రం కాశాయి, ఎడమచేతి వేళ్ళ కొసల మీద.
షావుకారు తూకం వేయలేని కాయలు.
అక్కడ ఇప్పుడు కారం అంటదు.
కుడిచేయి మండుతూనే ఉంది, అది వేరే సంగతి.

షెడ్డులో ముగ్గురం వరసగా కూర్చుంటాం,
నేను, నాగేంద్రం, బీబీజాన్.
నడుమ కూర్చునే నాగేంద్రం
మొన్న సోమవారం నుంచి నోరు మెదపడం లేదు.
బుట్ట ఎప్పట్లాగే నిండుతోంది.
అటు నేనూ ఇటు బీబీజానూ ఎక్కడివాళ్ళం అక్కడే.
ఎందుకని అడగలేదు.

ఇవాళ అన్నాల వేళకి గిటారు తీశాను.
చేతులు మూడుసార్లు కడిగి ఈ మేజర్ పట్టాను,
చూపుడువేలు మూడో తీగ మీద, మొదటి మెట్టులో.
మీటాను. మీటి, ఆ వేలొక్కటే లేపి
మళ్ళీ మీటాను.

నాగేంద్రం క్యారేజీ మూత చేతిలో పట్టుకుని
అలాగే ఆగింది.
పైన రేకు మీద కాకి నడుస్తున్న చప్పుడు.

"ఆ వేలు మళ్ళీ పెట్టవే" అంది.

పెట్టాను.
బీబీజాన్ తుమ్మింది.